చిగురు మీద కండ పెరిగితే: కోసిన ముక్కను పారేయనివ్వకండి

పెద్ద అంబర్‌పేట్‌లో గానీ, ఇటు హయత్‌నగర్‌లో గానీ మందుల షాపు కౌంటర్ దగ్గర కాసేపు నిలబడితే ఈ మాట ఎప్పుడో ఒకప్పుడు వినిపిస్తుంది: "చిగురు మీద కండ పెరిగింది, తగ్గడానికి ఏదన్నా గోలీ ఇయ్యండి." షాపతను ఒక నొప్పి గోలీ, దాంతోపాటు ఐదు రోజుల యాంటీబయాటిక్ చేతిలో పెడతాడు. చీము వల్ల వచ్చిన వాపైతే కొంత తగ్గుతుంది. కండ మాత్రం ఎక్కడికీ పోదు. చిగురు మీద పెరిగేవాటిలో ఎక్కువ వాటికి గోలీలు పనిచేయవు. కొన్నిటికైతే రోజూ మింగే గోలీయే కారణం.

ముందే చెప్పుకోవాల్సింది ఒకటుంది. ఇలా పెరిగేవాటిలో చాలావరకు క్యాన్సర్ కావు. అవి వచ్చాయని నిద్ర పాడుచేసుకోనక్కర్లేదు. కానీ వాటిలో ఏది మంచిదో, ఏది చెడ్డదో కంటితో చూసి ఖాయంగా చెప్పగల డాక్టరు లేడు. అనుభవం పండినవాళ్లు కూడా కేసు కాగితం మీద "ఫలానాది కావచ్చు" అని రాసి, కోసిన ముక్కను ల్యాబుకు పంపి, అక్కడి జవాబు కోసం చూస్తారు. కింద అంకెలు చాలానే వస్తాయి. ఆ ముక్కను ల్యాబుకు ఎందుకు పంపాలో తెలియడానికే అవి.

మొదటి అంకె 3. ఆరోగ్యంగా ఉన్న చిగురు అంచు దగ్గర పంటికి పూర్తిగా అతుక్కుని ఉండదు, చిన్న సందు ఉంటుంది. దాని లోతు 1 నుంచి 3 మిల్లీమీటర్లు. గీతలున్న సన్నటి పుల్లలాంటి పరికరాన్ని, దాని పేరు ప్రోబ్, ఆ సందులోకి మెల్లగా దించి ఒక్కో పంటి చుట్టూ ఆరు చోట్ల కొలుస్తారు. నోట్లో 28 పళ్లుంటే 168 కొలతలు. డాక్టరు అంకెలు చదువుతుంటే పక్కన నర్సు రాసుకుంటుంది. మొదటిసారి చూసినవాళ్లకు ఇదేం లెక్కరా బాబూ అనిపిస్తుంది గానీ, చిగురు వైద్యం అంతా ఈ కాగితం మీదే నడుస్తుంది.

ఒక చోట 5 వచ్చిందనుకోండి. దానికి రెండు అర్థాలు ఉండొచ్చు. చిగురు ఉబ్బి పంటి మీదికి ఎక్కి ఉండొచ్చు, అప్పుడు లోపలి ఎముక బాగానే ఉంటుంది. లేదా ఎముక కరిగి, సందు వేరు వైపు లోతుగా దిగి ఉండొచ్చు. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి, వైద్యం మాత్రం వేరు. ఏది ఏదో తేల్చేది ఎక్స్‌రే. అందుకే "పైకి కనబడుతూనే ఉంది కదా, ఫొటో ఎందుకు దండగ" అని దాన్ని వద్దనకండి.

ఇక డాక్టరు మనసులో తిరిగే ప్రశ్న: పెరిగింది ఒక్క చోటా, నోరంతానా? వచ్చినవాళ్లు ఎప్పుడు మొదలైంది, నొప్పి ఉందా అని చెప్పుకుపోతుంటారు. ఆయన కళ్లు మాత్రం మొదట దీన్నే వెతుకుతాయి. ఒక్క చోటే ఉంటే కారణం ఎక్కువగా అక్కడే దొరుకుతుంది: పంటికి పట్టిన గార, విరిగిన పన్ను అంచు, పొడుచుకొచ్చిన పాత ఫిల్లింగ్, సరిగ్గా కూర్చోని క్యాప్, వదులైపోయి చిగురును రాసే కట్టుడు పళ్లు. నోరంతా పెరిగితే కారణం నోటి బయట ఉండే అవకాశం ఎక్కువ. అంటే వాడే మందుల్లో, రక్తంలో, హార్మోన్లలో, అరుదుగా వంశంలో.

ఒక్క చోట వచ్చేవాటిలో అన్నిటికన్నా మామూలుది అసలు కండే కాదు. చిగురు మీద మొటిమలాంటి చిన్న బుడిపె, నొక్కితే కాస్త చీము, రెండు రోజులు తగ్గినట్టుండి మళ్లీ ఉబ్బడం. ఇది లోపల చచ్చిపోయిన పంటి నుంచి చీము బయటపడే దారి. దీన్ని గిల్లినా, కోసినా లాభం లేదు. పంటికి రూట్ కెనాల్ చేస్తే, అంటే వేరు లోపలి కుళ్లును శుభ్రం చేసి నింపితే, బుడిపె తనంతట తానే మానుతుంది. పంటిని కాపాడుకోలేని పరిస్థితిలో తీసేస్తారు. చక్కెర వ్యాధి అదుపులో లేనివాళ్లకు ఇలాంటి చీము గడ్డలు ఒకటి తగ్గేలోపు ఇంకోటి వస్తుంటాయి. వాళ్లకు దంతవైద్యుడు షుగర్ పరీక్ష రాస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు.

నిజంగా కండ పెరిగినవి ప్రధానంగా నాలుగు రకాలు. ఎర్రగా, మెత్తగా, బ్రష్ తగిలితే చాలు రక్తం కారేది పయోజెనిక్ గ్రాన్యులోమా. సన్నటి రక్తనాళాలు గుంపుగా పెరిగిన కండ ఇది, ఆడవాళ్లలో ఎక్కువ. లేత గులాబీ రంగులో, గట్టిగా, ఎక్కువగా ముందరి పళ్ల దగ్గర, పదిహేను ఇరవై ఏళ్ల వయసువాళ్లలో వచ్చేది పెరిఫెరల్ ఆసిఫయింగ్ ఫైబ్రోమా. పేరు పొడుగు గానీ అర్థం తేలికే: లోపల చిన్నచిన్న ఎముక రేణువులు తయారయ్యే నారకండ. నీలం కలిసిన ఊదా రంగులో ఉండేది జెయింట్ సెల్ గ్రాన్యులోమా, అందులో మామూలు కన్నా ఎన్నో రెట్లు పెద్దవైన కణాలు కనిపిస్తాయి. నాలుగోది ఉత్త ఫైబ్రోమా, ఎక్కడో పదేపదే ఒరుసుకుని గట్టిపడ్డ కండ. ఈ నాలుగూ ప్రాణం మీదికి తెచ్చేవి కావు.

"మరి ప్రమాదం లేదంటున్నారు, పరీక్ష దేనికి?" అని అడగొచ్చు. రంగు చూసి పేరు పెట్టడం పుస్తకంలో చదివినంత తేలిక కాదు. పాతబడిన గ్రాన్యులోమా గట్టిపడి గులాబీ రంగుకు తిరుగుతుంది, ఫైబ్రోమా పైన పుండు పడితే ఎర్రబడుతుంది. జెయింట్ సెల్ రకమని రిపోర్టు వస్తే డాక్టరు రక్తంలో కాల్షియం, పారాథైరాయిడ్ హార్మోన్ కూడా చూడమనవచ్చు. మెడలో ఆ హార్మోన్‌ను తయారుచేసే చిన్న గ్రంథి మితిమీరి పనిచేసినా దవడలో సరిగ్గా ఇలాంటి కండే పెరుగుతుంది. అప్పుడు వైద్యం చేయాల్సింది గ్రంథికి. చాలా అరుదుగా, చిగురు పుండని కోసిన ముక్కలో టీబీ బయటపడుతుంది. దానికి ఆరు నెలల మందుల కోర్సు ఉంది, ప్రభుత్వమే ఉచితంగా ఇస్తుంది. ముక్కను చెత్తబుట్టలో వేస్తే ఇవేవీ తెలియవు.

ఇప్పుడు నోరంతా పెరిగే చిగుళ్ల సంగతి. మొదట అడగాల్సింది "రోజూ ఏ గోలీలు వేసుకుంటున్నారు?" అని. మందుల వల్ల చిగుళ్లు పెరుగుతాయన్నది కొత్తగా కనుక్కున్నదేమీ కాదు. ఫిట్స్‌కు వాడే ఫెనిటాయిన్ 1938లో వాడుకలోకి వచ్చింది. మరుసటి ఏడాదే, 1939లో, కింబాల్ అనే అమెరికన్ వైద్యుడు 119 మంది రోగుల చిగుళ్లు చూసి వాళ్లలో 57 శాతం మందికి పెరిగాయని రాశాడు. అంటే 68 మందికి. ఇప్పటికీ ఆ లెక్క పెద్దగా మారలేదు, ఆ మందు వాడేవాళ్లలో సుమారు సగం మందికి ఎంతో కొంత పెరుగుదల ఉంటుంది. మొదలుపెట్టిన రెండు మూడు నెలల్లోనే పళ్ల మధ్య ఉండే చిగురు మొనలు గుండ్రంగా ఉబ్బడం కనిపిస్తుంది. ముందరి పళ్ల దగ్గరే ఎక్కువ, పిల్లల్లో ఇంకా ఎక్కువ. బడిలో తోటి పిల్లలు వెక్కిరిస్తారని నోరు మూసుకుని నవ్వే పిల్లలు ఉంటారు. వాళ్ల తల్లిదండ్రులకు ఇది ఆ మందు వల్లనేనని ఎవరో ఒకరు చెప్పాలి.

రెండో మందు సైక్లోస్పోరిన్. కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్ల శరీరం కొత్త కిడ్నీని తిప్పికొట్టకుండా ఇస్తారు. ఇది వాడేవాళ్లలో నూటికి 25 నుంచి 30 మందికి చిగుళ్లు పెరుగుతాయి. టాక్రోలిమస్ అనే ఇంకో మందుతో ఈ ఇబ్బంది చాలా తక్కువ. ఇప్పుడు ఎక్కువమందికి అదే ఇస్తున్నారు కాబట్టి ఈ కేసులు తగ్గాయి.

మన ఇళ్లలో లెక్కకు వచ్చేది మూడోది, బీపీ గోలీ. అందులోనూ రక్తనాళాలను వదులు చేసే నిఫెడిపిన్, అమ్లోడిపిన్ రకం. 1999లో ఇంగ్లండ్‌లో 911 మందిని పరీక్షించి వేసిన లెక్క ఒకటుంది: పట్టించుకోవాల్సినంతగా చిగుళ్లు పెరిగినవాళ్లు నిఫెడిపిన్ వాడేవాళ్లలో 6.3 శాతం, అమ్లోడిపిన్ వాడేవాళ్లలో 1.7 శాతం. మగవాళ్లకు ఆడవాళ్ల కన్నా మూడు రెట్లు ఎక్కువ. మన దేశంలో ఎక్కువగా రాసేది అమ్లోడిపినే. తెలంగాణలో పదిహేనేళ్లు దాటిన ఆడవాళ్లలో సుమారు నాలుగో వంతుకు, మగవాళ్లలో అంతకన్నా కాస్త ఎక్కువమందికి బీపీ ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. ఒక కాలనీలో 240 మంది అమ్లోడిపిన్ వాడుతున్నారనుకుంటే, ఆ ఇంగ్లండ్ లెక్కన వాళ్లలో నలుగురికి చిగుళ్లు పెరుగుతాయి. నలుగురే కదా అనిపిస్తుంది. కానీ ఆ నలుగురూ చిగుళ్లు ఉబ్బాయని ఆరేళ్లుగా టూత్‌పేస్టులు మారుస్తూ ఉంటారు. బీపీ గోలీ గురించి వాళ్లు దంతవైద్యుడికి చెప్పి ఉండరు, ఆయన అడిగి ఉండడు.

"అయితే గోలీ ఆపేయమంటారా?" వద్దు, సొంతంగా అస్సలు వద్దు. ఫిట్స్ మందు హఠాత్తుగా ఆపితే ఆగకుండా ఫిట్స్ వచ్చి ప్రాణం పోవచ్చు. బీపీ గోలీ ఆపితే పక్షవాతం రావచ్చు. దంతవైద్యుడు ఒక చీటీ రాసిస్తాడు, దాన్ని మందు రాసిన డాక్టరుకు చూపించాలి. వీలుంటే ఆయన ఇంకో రకానికి మారుస్తాడు. మార్చాక కూడా చిగురు వెంటనే దిగదు. ఆరు నెలల నుంచి ఏడాది దాకా చూసి, అప్పటికీ మిగిలిన కండను కోసి తీసేయాలా అని ఆలోచిస్తారు. మందు మార్చడం కుదరనివాళ్లకు దిక్కు పళ్ల శుభ్రతే. పాచి లేని చోట ఈ మందులు చిగురును అంతగా పెంచలేవు. మూడు నెలలకోసారి క్లీనింగ్ చేయించుకుంటే చాలామంది కత్తి దాకా వెళ్లరు.

ఇక్కడ కాస్త పక్కకు వెళ్లాలి. ఢిల్లీలోని ఎయిమ్స్ వైద్యులు ఫెనిటాయిన్ మొదలుపెట్టిన 120 మంది పిల్లలను రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు రోజూ అర మిల్లీగ్రాము ఫోలిక్ యాసిడ్, రెండో గుంపుకు మందు లేని ఉత్తుత్తి గోలీ ఇచ్చారు. ఆరు నెలల తర్వాత ఉత్తుత్తి గోలీ వేసుకున్నవాళ్లలో 88 శాతం మందికి చిగుళ్లు పెరిగాయి. ఫోలిక్ యాసిడ్ వేసుకున్నవాళ్లలో 21 శాతం మందికే. 2011లో ఇది ప్రచురితమైంది. రూపాయల్లో ఖర్చయ్యే విటమిన్ ఇంత తేడా తేవడం చిన్న విషయమేమీ కాదు. ఆ ఫోలిక్ యాసిడ్‌ను 1945లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో కృత్రిమంగా తయారుచేసిన బృందానికి పెద్ద మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన పేరు ఈ వ్యాసంలో ఇంకోసారి వస్తుంది. పిల్లవాడికి ఫోలిక్ యాసిడ్ ఇవ్వాలా, ఎంత ఇవ్వాలి అన్నది మాత్రం ఫిట్స్ డాక్టరు నిర్ణయించాలి. ఎక్కువ మోతాదులో ఇస్తే ఫెనిటాయిన్ రక్తంలో తగ్గిపోతుంది.

మందులేవీ వాడని మనిషికి, కొద్ది వారాల్లోనే, నోరంతా చిగుళ్లు ఉబ్బితే? ఇది ఆలస్యం చేయకూడని పరిస్థితి. చిగుళ్లు పాలిపోయి, ముట్టుకోకుండానే రక్తం కారుతూ, దాంతోపాటు జ్వరం, నీరసం, ఒంటి మీద నల్లటి కమిలిన మచ్చలు ఉంటే ముందు రక్త పరీక్ష చేయించాలి. రక్త క్యాన్సర్ తొలి జాడ ఒక్కోసారి చిగురు మీదే పడుతుంది. 1983లో అమెరికాలో పళ్లున్న 1,076 మంది రక్త క్యాన్సర్ రోగులను చూస్తే మొత్తం మీద 3.6 శాతం మందికే చిగుళ్లలో ఆ కణాలు చేరాయి. కానీ అక్యూట్ మోనోసైటిక్ అనే రకంలో మూడింట రెండు వంతుల మందికి చేరాయి. అడగాల్సిన పరీక్ష సీబీపీ, అంటే రక్తకణాల లెక్క. కొన్ని వందల రూపాయల పని, రిపోర్టు ఆ రోజే వస్తుంది. తెల్ల కణాలు మామూలుగా 4,000 నుంచి 11,000 మధ్య ఉండాలి. ప్లేట్‌లెట్ల లెక్క లక్షన్నరకు తగ్గకూడదని డెంగీ పుణ్యమా అని మన ఇళ్లలో అందరికీ తెలుసు. ఈ అంకెలు బాగా తప్పితే దంతవైద్యుడు కత్తి పట్టడు, పట్టకూడదు కూడా. రక్తం ఆగదు. రోగిని నేరుగా రక్తవ్యాధుల నిపుణుడి దగ్గరికి పంపాలి. రక్త క్యాన్సర్ ఉన్న పిల్లలకు 1947లో తొలిసారి కొంత ఊరటనిచ్చిన అమినోప్టెరిన్ మందు కూడా సుబ్బారావు బృందం నుంచి వచ్చిందే.

వంశపారంపర్యంగా వచ్చే చిగుళ్ల పెరుగుదల కూడా ఉంది. పళ్లు పూర్తిగా కండలో మునిగిపోతాయి, పిల్లలకు పళ్లు రాలేదేమో అనిపిస్తుంది. వైద్య పుస్తకాల్లో 7,50,000 మందిలో ఒకరికి అన్న లెక్క కనిపిస్తుంది. 2011 జనాభా ప్రకారం తెలంగాణలో మూడున్నర కోట్ల మంది. అంటే రాష్ట్రం మొత్తం మీద నలభై ఏడుగురు, అందరినీ ఒక్క ఆర్టీసీ బస్సులో కూర్చోబెట్టొచ్చు. దీన్ని కోసి సరిచేస్తారు, మళ్లీ పెరిగితే మళ్లీ కోస్తారు.

గర్భిణులకు చిగురు మీద ఎర్రటి కండ రావడం ఇంతకన్నా చాలా మామూలు. నూరుమంది గర్భిణుల్లో ఐదుగురి దాకా వస్తుందని అంచనా. ఎక్కువగా మూడో నెల దాటాక, పైపళ్ల ముందు భాగంలో కనిపిస్తుంది. కడుపులో బిడ్డకు దీనివల్ల ఏమీ కాదు. కాన్పు తర్వాత చాలామందికి దానంతట అదే ముడుచుకుపోతుంది, కొందరికి పూర్తిగా మాయమవుతుంది. అందుకే అన్నం తినడానికి అడ్డం రాకపోతే, రక్తం మరీ ఎక్కువగా కారకపోతే గర్భంతో ఉండగా కోయరు. కోసినా హార్మోన్లు అలాగే ఉంటాయి కాబట్టి మళ్లీ పెరిగే అవకాశం ఎక్కువ. క్లీనింగ్ మాత్రం నిశ్చింతగా చేయించుకోవచ్చు, నాలుగో నెల నుంచి ఆరో నెల మధ్యైతే కుర్చీలో వెనక్కి వాలడం కూడా సులువు. "కడుపుతో ఉన్నదాన్ని పళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్తారా" అనే పెద్దవాళ్లకు ఈ సంగతి ఓపికగా చెప్పాలి. కాన్పయ్యాక కొన్ని నెలలకు కూడా కండ అలాగే ఉంటే అప్పుడు తీసి పరీక్షకు పంపుతారు.

ఇక అందరి మనసులో ఉన్న భయం. 2022లో మన దేశంలో కొత్తగా నోటి క్యాన్సర్ వచ్చినవాళ్లు 1,43,759 మంది అని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనా. రోజుకు 394 మంది. పెద్ద అంబర్‌పేట్ నుంచి ఎల్బీనగర్ వెళ్లే అరగంటలో ఎనిమిది మంది. వీటిలో పెద్ద భాగం కింది చిగురు, బుగ్గ కలిసే మడతలో పుడుతుంది. కారణం వెతకనక్కర్లేదు, గుట్కా, జర్దా, ఖైనీ ఉండ పెట్టుకునేది అక్కడే. 2016-17లో జరిగిన జాతీయ పొగాకు సర్వే ప్రకారం తెలంగాణలో పెద్దవాళ్లు పదిమందిలో ఒకరు పొగాకు నమిలేవాళ్లే.

పొగాకు ఎక్కడ తగిలితే అక్కడే జబ్బు వస్తుందనడానికి మన తెలుగు నేల మీదే ఇంకో రుజువు ఉంది. శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో, ముఖ్యంగా ఆడవాళ్లు, నిప్పు ఉన్న కొసను నోట్లో పెట్టుకుని చుట్ట తాగుతారు. దాన్ని అడ్డపొగ అంటారు. డెన్మార్క్‌కు చెందిన పింద్‌బోర్గ్, మన దేశ పరిశోధకులతో కలిసి అక్కడ 10,169 మంది నోళ్లు చూసి 1971లో లెక్క ప్రచురించాడు: వాళ్లలో 43.8 శాతం మంది అడ్డపొగ తాగేవాళ్లే. అక్కడ జబ్బు చిగురు, బుగ్గ మడతలో కాక, వేడి తగిలే అంగిలి మీద ఎక్కువ.

చిగురు క్యాన్సర్‌తో ఉన్న చిక్కు, అది చూడ్డానికి మామూలు చిగురు జబ్బులా ఉండటం. ఒక పన్ను కదులుతుంది, పక్కన చిగురు ఎర్రగా గరుకుగా ఉంటుంది, రక్తం కారుతుంది. "పన్ను పీకేస్తే పోతుంది" అని పీకించుకుంటారు. గుంట మానదు, అందులోంచి కండ పైకి వస్తుంది. ఈలోపు జబ్బుకు ఆ గుంటలోంచి ఎముకలోకి దిగే దారి దొరుకుతుంది. నోట్లో మిగతా పళ్లన్నీ గట్టిగా ఉండి ఒక్క పన్ను మాత్రమే కారణం లేకుండా కదులుతుంటే, పీకే ముందు ఎక్స్‌రే తీయమనడం మీ హక్కు. అలాగే రెండు వారాల గడువు గుర్తుంచుకోండి. నోట్లో పుండు గానీ, కండ గానీ, తెల్ల లేదా ఎర్ర మచ్చ గానీ పద్నాలుగు రోజుల్లో తగ్గకపోతే డాక్టరుకు చూపించాలి. నొప్పి లేదని ఊరుకోకూడదు. మొదట్లో నొప్పి ఉండకపోవడమే దీని పద్ధతి.

"ముక్క తీస్తే, కత్తి తగిలితే క్యాన్సర్ ఒళ్లంతా పాకుతుందట కదా?" ఈ ఒక్క మాట వల్ల మన పల్లెల్లో ఎంతమంది ఆలస్యం చేసుకుంటారో. ముక్క పరీక్ష, డాక్టర్లు బయాప్సీ అనేది, నోటి క్యాన్సర్‌ను పాకించదు. ముదిరిన దశలో దవాఖానాకు వచ్చిన మనిషికి ముక్క తీసిన కొన్ని నెలలకు పరిస్థితి విషమిస్తుంది, చుట్టాలు ఆ రెంటినీ ముడిపెడతారు. ముందే ముదిరిపోయిన సంగతి ఎవరూ చెప్పరు.

ముక్క తీయడం ఎలా ఉంటుందో చెబితే సగం భయం పోతుంది. మత్తు ఇంజెక్షన్ ఒకటి రెండు మిల్లీలీటర్లు, అర చెంచా కన్నా తక్కువ. సూది గుచ్చిన చురుకు తప్ప తర్వాత నొప్పి తెలియదు. కండ ఒక సెంటీమీటరు లోపే ఉండి, ప్రమాదం లేనిదిగా కనిపిస్తే మొత్తం తీసేస్తారు, పరీక్షా, వైద్యమూ ఒకేసారి అయిపోతాయి. పెద్దదైతే, అనుమానంగా ఉంటే, అంచు నుంచి చిన్న ముక్క మాత్రమే తీసి రిపోర్టు వచ్చాక మిగతాది చూస్తారు. రక్తాన్ని పలచబరిచే మందులు వాడేవాళ్లు ముందే చెప్పాలి, వాటిని సొంతంగా ఆపకూడదు. తీసిన ముక్కను 10 శాతం ఫార్మలిన్‌లో వేయాలి. అది కణజాలం కుళ్లకుండా ఆపే మందునీళ్లు. ముక్క ఎంతుంటే దానికి కనీసం పది రెట్లు మందునీళ్లు ఉండాలి. మామూలు సెలైన్‌లోనో, స్పిరిట్‌లోనో వేస్తే కణాలు పాడై ల్యాబులో ఏమీ తేలదు. చిన్న క్లినిక్కుల్లో ఫార్మలిన్ సీసా ఉండకపోవచ్చు. కాబట్టి కుర్చీలో కూర్చునే ముందే "ముక్కను ఏ ల్యాబుకు పంపుతారు?" అని అడగండి. "చిన్నదే కదా, అవసరం లేదు" అనే జవాబు వస్తే ఇంకో చోటుకు వెళ్లడం మేలు.

కోసే పనికి కత్తి వాడొచ్చు, కరెంటుతో కాల్చే కాటరీ వాడొచ్చు, లేజర్ వాడొచ్చు. లేజర్‌తో రక్తం తక్కువ, కుట్లు చాలాసార్లు అక్కర్లేదు. కానీ బోర్డు మీద లేజర్ అన్న మాట చూసి ఎక్కువ డబ్బు పోయడంలో అర్థం లేదు. మళ్లీ పెరగకుండా చేసేది పరికరం కాదు. ముక్క అంచులు మరీ కాలిపోతే ల్యాబులో చదవడం కూడా కష్టం.

"మళ్లీ వస్తుందా?" రావచ్చు. పయోజెనిక్ గ్రాన్యులోమా నూటికి 16 మంది దాకా, ఆసిఫయింగ్ ఫైబ్రోమా 8 నుంచి 20 మందికి, జెయింట్ సెల్ రకం సుమారు పదిమందికి తిరిగి వస్తాయని వేర్వేరు అధ్యయనాలు చెబుతాయి. ఒక్క మాటలో, ఎక్కువలో ఎక్కువ ఐదారుగురిలో ఒకరు మళ్లీ రావాల్సి ఉంటుంది. దీనికి కారణాలు రెండే. ఈ కండల మూలం పంటి వేరును ఎముకకు పట్టి ఉంచే నారపొరలో, ఎముక మీది పలచటి పొరలో ఉంటుంది. పైకి కనిపించేది మాత్రమే గీరేస్తే మూలం మిగిలిపోతుంది. అందుకే జాగ్రత్త గల సర్జన్ ఎముక దాకా వెళ్లి ఆ పొరతో సహా తీసి, పంటి వేరును గోకి శుభ్రం చేస్తాడు. రెండో కారణం, మొదట కండను రేపిన గారో, పాత ఫిల్లింగో అలాగే ఉండిపోవడం. గార తీయకుండా ముందే కండ కోసే చోట మళ్లీ రాకపోతేనే ఆశ్చర్యం.

కోసిన చోట పైపొర వారం నుంచి రెండు వారాల్లో కప్పుకుంటుంది, పూర్తిగా మానడానికి నెల. మొదటి రోజు వేడివి, కారం వద్దు. పెరుగన్నం మేలు. ఆ పంటి దగ్గర వారం రోజులు బ్రష్ ఆపి, క్లోర్‌హెక్సిడిన్ 0.2 శాతం ద్రవం పది మిల్లీలీటర్లు, అంటే రెండు చెంచాలు, పొద్దున రాత్రి పుక్కిలించమంటారు. రెండు వారాలు మించి వాడితే పళ్లు గోధుమరంగుకు తిరుగుతాయి. అది మరక మాత్రమే, క్లీనింగ్‌తో పోతుంది.

ఎక్కడికి వెళ్లాలన్నది మన వైపు వాళ్లకు పెద్ద చిక్కు కాదు. ఎల్బీనగర్ దాకా బస్సు, అక్కడి నుంచి మెట్రో. దిల్‌సుఖ్‌నగర్‌లో దిగితే పాణినీయ దంత వైద్య కళాశాల. ఎంజీబీఎస్‌లో దిగితే దగ్గర్లోనే అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ దంత వైద్య కళాశాల, ఆసుపత్రి. లక్డీకాపూల్ దిగితే రెడ్ హిల్స్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి. మూడూ ఒకే లైను మీద ఉన్నాయి. చౌటుప్పల్ దాటి అటువైపు ఉండేవాళ్లకు విజయవాడ హైవే మీదే నార్కట్‌పల్లిలో కామినేని దంత కళాశాల దగ్గర. దంత కళాశాలల్లో ఒక సౌకర్యం ఉంది: చిగుళ్ల విభాగం, ముక్కను చదివే ఓరల్ పాథాలజీ విభాగం ఒకే కప్పు కింద ఉంటాయి. వెళ్లేటప్పుడు వాడుతున్న గోలీల స్ట్రిప్పులన్నీ ఒక కవర్లో వేసుకుని పోండి, పేర్లు గుర్తుపెట్టుకోవడం కన్నా అది నమ్మకం.

రిపోర్టు సాధారణంగా వారం పది రోజుల్లో వస్తుంది. ఫోన్లో "ఏం లేదు, నార్మలే" అని వినగానే వదిలేయకుండా కాగితం తెచ్చుకోండి. దాని మీద ఒక నంబరు ఉంటుంది. మీ ముక్కను మైనపు దిమ్మలో పొదిగి ల్యాబు ఆ నంబరుతోనే దాచిపెడుతుంది. రెండేళ్ల తర్వాత అదే చోట మళ్లీ కండ పెరిగితే, కొత్త డాక్టరు మొదట అడిగేది ఆ కాగితమే. వీలైతే ఆ దిమ్మను కూడా తెప్పించి పాతదాన్నీ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తాడు.